మొత్తం కాదు, మస్టరు చూపించాలి

ఉపాధి హామీ కింద ఒక మండలంలో ఏడాదికి ఇన్ని కోట్లు ఖర్చు పెట్టామని వెబ్‌సైట్లో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకెను ఆ మండలంలో ఎవరూ ఔననలేరు, కాదనలేరు. చూసి ఊరుకుంటారు. అదే మండలంలో ఒక ఊరి మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ తీసి, ఫలానా ఇంటామె మే రెండో వారంలో చెరువు పూడికతీతకు ఆరు రోజులు వచ్చింది, ఆమె ఖాతాలో ఇంత కూలి పడింది అని నలుగురిలో పైకి చదివితే సంగతి వేరు. ఆమె అక్కడే లేచి, ఆ వారం తాను పుట్టింట్లో ఉన్నానని చెప్పగలదు. పక్కింటివాళ్లు అవునని సాక్ష్యం పలకగలరు. డబ్బు ఒకటే, పథకం ఒకటే, రెండు చోట్లా ప్రభుత్వం సమాచారం ఇచ్చినట్టే లెక్క. ప్రశ్న మాత్రం ఒక్క చోటే పుట్టింది.

ప్రభుత్వ సమాచారం జనానికి అందుబాటులో ఉండాలనే మాటను మన దేశంలో ఇప్పుడు ఎవరూ కాదనరు. పోర్టళ్లకు, డ్యాష్‌బోర్డులకు, యాప్‌లకు కొదవ లేదు. మరి పారదర్శకత పెరిగిందా అంటే జవాబు అంత తేలిగ్గా రాదు. గత ఇరవై ఏళ్ల అనుభవం చూస్తే ఒకటి తెలుస్తుంది. సమాచారం మనిషి పేరు దాకా, ఊరి దాకా, తేదీ దాకా దిగినప్పుడే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వచ్చింది. మొత్తాల దగ్గర ఆగిపోయినప్పుడు అది ఫ్లెక్సీ మీద వేసుకునే అంకెగానే మిగిలింది. ఆందోళన కలిగించే విషయం ఏమిటంటే, మన చట్టాలూ మన కంప్యూటర్లూ మెల్లమెల్లగా పేర్ల నుంచి మొత్తాల వైపు జరుగుతున్నాయి.

పేర్ల బలం ఏమిటో మొదట చూపించినవాళ్లు రాజస్థాన్ కూలీలు. 1990లో దేవ్‌డుంగ్రీ అనే పల్లె కేంద్రంగా మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ లాంటివాళ్లు అక్కడి కూలీలతో కలిసి కనీస కూలి కోసం కొట్లాడుతుంటే, అడుగడుగునా రికార్డు అడ్డొచ్చేది. పని కొలతకు తగ్గట్టు లేదని రికార్డులో ఉందనేవారు. ఆ రికార్డు చూపించమంటే కుదరదనేవారు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో తొలి బహిరంగ విచారణ పెట్టి, సంపాదించిన కాగితాలను ఊరివాళ్ల ముందు ఒక్కొక్కటే చదివారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నాకు కూర్చున్నారు. వాళ్లు అడిగింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, పంచాయతీ ఖర్చుల బిల్లులకు, మస్టర్లకు నకళ్లు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్నది వాళ్ల నినాదం. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టానికి పునాది ఆ నకళ్ల దగ్గరే పడింది.

ఆ తర్వాతి అధ్యాయం మన దగ్గర జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. చాలా రాష్ట్రాలు దాన్ని తూతూమంత్రంగా ముగించాయి. సర్పంచే కాగితం రాసి, సర్పంచే సంతకం పెట్టి, తనిఖీ అయిపోయిందనిపించేవాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం గ్రామీణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శిగా ఉన్న కె.రాజు హయాంలో రాజస్థాన్ కార్యకర్తలను పిలిపించి శిక్షణ ఇప్పించారు. 2009లో సామాజిక తనిఖీ కోసమే విడిగా ఒక సొసైటీ రిజిస్టర్ చేశారు. సౌమ్య కిడాంబి దానికి డైరెక్టర్‌గా పనిచేశారు. పథకం ఖర్చులో అర శాతం తనిఖీకే కేటాయించారు. ఈ అర శాతం చిన్న విషయంలా కనిపించవచ్చు. తనిఖీ చేసేవాడు బస్సు చార్జీకి ఎంపీడీవో ఆఫీసు మీద ఆధారపడితే ఆ ఆఫీసు తప్పు ఎలా రాస్తాడు?

తనిఖీ జరిగే తీరు దగ్గర నుంచి చూడాల్సిందే. ముందు జిల్లా రిసోర్స్ పర్సన్, అంటే డీఆర్‌పీ, మండల ఆఫీసు నుంచి మస్టర్లు, పని కొలతలు రాసే ఎం-బుక్‌లు, పే ఆర్డర్లు తెచ్చుకుంటాడు. కూలి పనికి వెళ్లే కుటుంబాల నుంచే చదువుకున్న పిల్లలను ఎంచుకుని గ్రామ సామాజిక తనిఖీదారులుగా తయారు చేస్తారు. సొంత ఊరు కాకుండా వేరే ఊరు అప్పగిస్తారు. వాళ్లు ఆ ఊళ్లోనే మకాం పెట్టి, మస్టరు చేత పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. మీ జాబ్ కార్డు చూపించండి, ఈ వారం మీరు పనికి వెళ్లారా, ఎన్ని రోజులు, ఎంత ముట్టింది అని అడుగుతారు. చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. పగటిపూట టేపు పట్టుకుని పని జరిగిన చోటికి పోతారు. ఎం-బుక్‌లో కందకం పొడవు, వెడల్పు, లోతు ఎంత రాసి ఉంది, నేల మీద ఎంత ఉంది, కొలుస్తారు. ఎక్కువసార్లు దొరికే దొంగలెక్కలు ఊళ్లలో అందరికీ తెలిసినవే. చనిపోయినవాళ్ల పేరు మీద హాజరు, పట్నంలో ఉద్యోగం చేసే అబ్బాయి పేరు మీద కూలి, జేసీబీతో తీయించిన మట్టిని మనుషులు తీసినట్టు రాయడం, ఒకే గుంతను రెండు పనుల కింద చూపించడం.

చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. జిల్లా అధికారి ముందు కూర్చుంటారు. ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, మండలంలో పథకాన్ని చూసే ఏపీవో, ఎంపీడీవో, సర్పంచులు, కూలీలు అంతా ఒకే టెంటు కింద ఉంటారు. మైకులో ఊరి పేరు, పని పేరు, మనిషి పేరు, రూపాయలు చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు కాదంటాడు. కూలీ లేచి ఔనంటుంది. ఆ క్షణంలో రాష్ట్ర స్థాయిలో ఖర్చయిన వేల కోట్లు ఎవరికీ గుర్తుకు రావు, ఆమెకు రావాల్సిన కొద్దిపాటి కూలి గురించే మాట్లాడతారు. డబ్బు రికవరీకి, ఉద్యోగం నుంచి తీసేయడానికి, విచారణకు అక్కడే ఆదేశాలు వస్తాయి. రోజంతా సాగి చీకటి పడ్డాక కూడా నడిచిన ప్రజావేదికలు ఉన్నాయి. ప్రభుత్వం తన లెక్కను తానే తెచ్చి, ఆ లెక్క ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ముందు నిలబడటం మన పాలనలో చాలా అరుదైన సన్నివేశం. ఇలాంటి వ్యవస్థ దేశమంతా ఉండాలని 2011లో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్‌తో సంప్రదించి కేంద్రం నిబంధనలు చేసింది. ఆరు నెలలకోసారి ప్రతి పంచాయతీలో తనిఖీ జరగాలని వాటిలో ఉంది.

ఇంత చెప్పాక దీని హద్దులు కూడా చెప్పాలి. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే పోగేసి పరిశీలించారు. తనిఖీల్లో అక్రమాలు బాగానే బయటపడ్డాయి. కూలికి సంబంధించిన ఒక్కో అక్రమంలో పోయే డబ్బు కొంత తగ్గింది. అదే సమయంలో సామగ్రికి సంబంధించిన అక్రమాలు పెరిగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. కూలి డబ్బు మనిషి పేరు మీద ఉంటుంది, ఆ మనిషి వచ్చి అడుగుతుంది. సిమెంటు బిల్లు పేరు మీద ఎవరూ లేరు. ఎన్ని బస్తాలు వచ్చాయో, ఎన్ని వాడారో గ్రామసభలో కూర్చున్నవాళ్లకు తెలియదు. అంటే పేరున్న చోట దొంగతనం కష్టమైంది, పేరులేని చోటికి జరిగింది. సమాచారం ఎంత లోతుగా ఇస్తే ఎంత ఫలితం ఉంటుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

రెండో హద్దు, దొరికాక ఏమవుతుంది అన్నది. రికవరీ ఆదేశించిన డబ్బులో తిరిగి వచ్చింది తక్కువ. శిక్ష ఎక్కువసార్లు ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరే ఆగిపోయింది. బిల్లు మీద సంతకం పెట్టిన పైఅధికారి సంగతి శాఖాపరమైన విచారణ పేరుతో ఏళ్ల తరబడి ఫైల్లో ఉండిపోతుంది. 2012లో ఉమ్మడి రాష్ట్రం దీని కోసం ఒక చట్టమే చేసింది. అయినా బయటపెట్టిన వేగానికీ చర్య తీసుకున్న వేగానికీ పొంతన కుదరలేదు. కూలీలకు ఇది అర్థమవుతుంది. మూడోసారి కూడా అదే మనిషి మీద అదే ఫిర్యాదు చేయాల్సి వస్తే నాలుగోసారి ప్రజావేదికకు రావడం మానేస్తారు.

ఊళ్లో కాగితంగా ఉన్న మస్టరు కంప్యూటర్లోకి కూడా ఎక్కింది. ఉపాధి హామీ వెబ్‌సైట్లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ పోతే ఒక్కో మస్టరు, ఒక్కో జాబ్ కార్డు దాకా వెళ్లవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీన్ని వాడుకున్నవాళ్లు అద్భుతమైన పనులు చేశారు. కూలి ఆలస్యం అవుతోందని ఊళ్లలో ఎంత మొత్తుకున్నా, పదిహేను రోజుల్లోపే చెల్లిస్తున్నామని ప్రభుత్వం అంకెలు చూపించేది. పరిశోధకులు ఆ వెబ్‌సైట్లోని లక్షల చెల్లింపులను తీసి తేదీలు సరిచూశారు. స్థానిక ఆఫీసు చెల్లింపు ఆదేశం తయారు చేసే వరకే ప్రభుత్వం ఆలస్యాన్ని లెక్కగడుతోందనీ, ఆ తర్వాత కేంద్రం నుంచి డబ్బు ఖాతాలో పడే వరకూ అయ్యే ఆలస్యం లెక్కలోకే రావడం లేదనీ తేలింది. ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే నెలలో కోర్టు కూలీల వైపే మాట్లాడింది. జాబ్ కార్డుల నుంచి పేర్లు తీసేస్తున్న తీరును లిబ్‌టెక్ ఇండియా అనే పరిశోధకుల బృందం బయటపెట్టగలిగింది కూడా ఆ పేజీల వల్లే. ఇవన్నీ మొత్తాల పట్టికతో సాధ్యమయ్యేవి కావు.

అలాగని కంప్యూటర్లోకి ఎక్కిందల్లా పారదర్శకత అనుకోకూడదు. 2023 జనవరి 1 నుంచి పని స్థలంలో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లు ఆగిపోతాయన్నారు. రెండున్నరేళ్లు గడిచాక, 2025 జూలైలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ రాయాల్సి వచ్చింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పెడుతున్నారనీ, ఫొటోలో ఉన్నవాళ్ల సంఖ్యకూ మస్టరులో రాసిన సంఖ్యకూ పొంతన లేదనీ, ఆడవాళ్లు ఉండాల్సిన చోట మగవాళ్లు ఉన్నారనీ అందులో ఆ శాఖే రాసింది. ఫొటోలు వెబ్‌సైట్లో ఎవరైనా చూడవచ్చు. చూసి చెప్పగలిగే మనిషి మాత్రం ఆ ఊళ్లో ఉంటుంది, ఆమెకు ఆ ఫొటో ఎవరూ చూపించలేదు. ఈలోగా నెట్‌వర్క్ అందక, ఫొటో ఎక్కక, నిజంగా పనిచేసినవాళ్లు హాజరు పోగొట్టుకున్నారు. సమాచారం పైకి పోయింది, కిందికి రాలేదు.

ఉపాధి హామీని దాటి చూస్తే ఈ తేడా ఇంకా బాగా కనబడుతుంది. 2012 మార్చిలో కేంద్రం జాతీయ డేటా పంచుకునే విధానాన్ని ప్రకటించింది. ఆ ఏడాదే డేటా.గవ్.ఇన్ పోర్టల్ వచ్చింది. 2017లో దానికి ప్రత్యేక లైసెన్సు కూడా ఇచ్చారు. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. తెలంగాణ 2016లో తనదైన ఓపెన్ డేటా విధానం తెచ్చింది. పరిశోధకులకు, స్టార్టప్‌లకు, విలేకరులకు ఇవన్నీ పనికొచ్చేవే. ఎవరికి వారు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకోవాల్సిన వర్షపాతం అంకెలు, మార్కెట్ ధరలు ఒక్క చోట దొరకడం మంచి విషయమే. కానీ ఏ పట్టిక పెట్టాలో, ఏ స్థాయిలో పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది శాఖే. జిల్లా మొత్తం ఇస్తారు, పంచాయతీ వారీగా ఇవ్వరు. రెండేళ్ల కిందటి పట్టిక ఉంటుంది, పోయిన నెలది ఉండదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ పెట్టి అప్‌లోడ్ అయిపోయిందంటారు. ఓపెన్ డేటా అనే పేరు మీద ప్రభుత్వం తనకు ఇబ్బంది లేని సమాచారం ఇస్తే, సమాచార హక్కు మాత్రం అడిగినవాడికి కావాల్సినది ఇవ్వమంటుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

సమాచారం ఇస్తూనే ఇవ్వకుండా ఉండటం ఎలాగో, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వ్యవహారంలో దేశమంతా చూసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసి, వివరాలు బయటపెట్టమంది. బాండ్లు అమ్మిన ఎస్‌బీఐ జూన్ 30 దాకా గడువు కావాలంది. ఎవరు కొన్నారన్నది ఒక చోట, ఏ పార్టీ మార్చుకుందన్నది ఇంకో చోట ఉన్నాయనీ, రెండూ కలిపి చూడటానికి టైమ్ పడుతుందనీ చెప్పింది. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో రెండు జాబితాలు వచ్చాయి. ఒకదాంట్లో కొన్నవాళ్ల పేర్లు, తేదీలు, డబ్బు. రెండోదాంట్లో పార్టీల పేర్లు, తేదీలు, డబ్బు. వందల పేజీలు. ఏ బాండు ఎవరి దగ్గర నుంచి ఎవరికి చేరిందన్నది మాత్రం ఎక్కడా లేదు. ప్రతి బాండు మీదా ఒక నంబరు ఉంది, ఆ నంబరు ఇవ్వలేదు. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక మార్చి 21న నంబర్లు వచ్చాయి. గంటల్లోనే విలేకరులు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ప్రోగ్రామర్లు రెండు జాబితాలను జతచేసేశారు. కొన్నవాళ్లలో హైదరాబాద్ కంపెనీలు ఉన్నాయి, తీసుకున్నవాళ్లలో బీఆర్‌ఎస్, వైసీపీ, తెలుగుదేశం కూడా ఉన్నాయి. ఒక్క కాలమ్ లేనంతకాలం వందల పేజీల సమాచారం దేనికీ కొరగాలేదు. అది రాగానే ఎవరి డబ్బు ఎవరికి పోయిందో తెలిసింది.

కాలమ్ తీసేస్తే ఏమవుతుందో తెలంగాణ కౌలు రైతులకు బాగా తెలుసు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరిది, దున్నుతున్నది ఎవరు, రెండూ తెలిసేవి. 2020 అక్టోబరులో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక ఆ కాలమ్ పోయింది. కంప్యూటర్ ప్రకారం కౌలు రైతు ఎక్కడా లేకుండా పోయాడు. రైతుబంధు లెక్కల్లోకి రాలేదు, పంట నష్టం జాబితాలో పేరు ఎక్కించుకోవాలంటే తిప్పలు పడ్డాడు. ఆ పేరుతో సమాచారం ఉంటేగా ఎవరైనా అడిగేది. పైగా తమ భూమి వివరాలు ఇతరులకు కనిపించకుండా దాచుకునే వీలు కూడా ధరణిలో పెట్టారు. ధరణి స్థానంలో భూభారతి తెస్తూ 2025లో కొత్త చట్టం వచ్చింది. సమాచార వ్యవస్థ కట్టేటప్పుడు ఏ గడి ఉంచాలి, ఏ గడి తీసేయాలి అన్నది సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. దాని ఫలితం మాత్రం పొలంలో ఉన్న మనిషి మీద పడుతుంది.

అసలు లెక్కే తీయకపోవడం ఇంకో రకం. 2011 తర్వాత జనాభా లెక్కలు జరగలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త లెక్కలకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. అప్పటిదాకా ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి రేషన్ ఇవ్వాలన్నది 2011 జనాభా మీదే నడుస్తోంది.

వీటన్నిటి కంటే లోతైన మార్పు 2025 నవంబరు 14న జరిగింది. దాని గురించి తెలుగులో జరగాల్సినంత చర్చ జరగలేదు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 44(3) అనే చిన్న సెక్షన్ ఉంది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించాలంటే అధికారికి కొన్ని షరతులు ఉండేవి. ఆ సమాచారానికి ప్రజా వ్యవహారంతో ఏ సంబంధమూ లేకపోవాలి, లేదా బయటపెడితే ఆ మనిషి గోప్యతకు అనవసరంగా భంగం కలగాలి. విశాల ప్రజాప్రయోజనం ఉందనుకుంటే అప్పుడు కూడా ఇవ్వాలి. పార్లమెంటుకూ శాసనసభకూ కాదనలేని సమాచారాన్ని మామూలు పౌరుడికీ కాదనకూడదని ఒక వాక్యం ఉండేది. సమాచార హక్కు కోసం పోరాడినవాళ్లకు ఆ వాక్యం ప్రాణంతో సమానం. ఇప్పుడు ఆ షరతులన్నీ పోయాయి, ఆ వాక్యమూ పోయింది. మిగిలింది ఒక్కటే: వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వనక్కర్లేదు.

ఇక మస్టరు సంగతి ఆలోచించండి. మస్టరులో ఉండేవన్నీ మనుషుల పేర్లే. రేషన్ కార్డుల జాబితా పేర్లే. ఇళ్ల లబ్ధిదారుల జాబితా, పింఛన్ల జాబితా, కాంట్రాక్టరు పేరు, బిల్లు పాస్ చేసిన ఇంజినీరు పేరు, అన్నీ పేర్లే. ఏ అధికారి అయినా ఇవన్నీ వ్యక్తిగత సమాచారం అని ఒక్క ముక్క రాసి దరఖాస్తు మూసేయవచ్చు. పేర్లు తీసేసిన మస్టరుతో సామాజిక తనిఖీ చేయడం అసాధ్యం. ఎవరింటి తలుపు తడతారు, ఎవరిని అడుగుతారు?

గోప్యత గురించి పట్టించుకోనక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఈ విషయంలో ప్రభుత్వాలు చేసిన తప్పులు చాలా పెద్దవి. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, దాదాపు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా కలిపి వెబ్‌సైట్లో పెట్టడం పారదర్శకత కాదు, పేదవాళ్లను మోసగాళ్ల చేతికి అప్పగించడం. కానీ ఆ తప్పును సరిదిద్దడానికి పేరు దాచాల్సిన పనిలేదు. పనిచేసిన మనిషి పేరు, ఊరు, రోజులు, ముట్టిన కూలి బయట ఉండాలి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు, జబ్బుల వివరాలు ఉండకూడదు. ఈ గీత గీయడం ఏ ఆఫీసులోనైనా గుమాస్తా చేయగలిగిన పని. ప్రజల డబ్బు ఎవరికి ముట్టిందన్నది ఆ మనిషి సొంత విషయం మాత్రమే కాదు. పాత 8(1)(జె) ఆ గీతనే గీసింది. కొత్తది గీతను చెరిపేసి, అంతా అధికారి ఇష్టానికి వదిలేసింది.

అధికారి కాదంటే పైకి పోవచ్చు కదా అంటారు. పైన కూర్చోవాల్సిన సమాచార కమిషన్ తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా, 2025 దాకా, ఒక్క కమిషనర్ కూడా లేకుండా ఖాళీగా ఉండిపోయింది. దరఖాస్తు పెట్టిన మనిషికి జవాబు 30 రోజుల్లో రావాలని చట్టం అంటుంది, ఆలస్యానికి రోజుకు 250 రూపాయల జరిమానా అంటుంది. ఆ జరిమానా వేయాల్సిన కుర్చీయే అన్నాళ్లూ ఖాళీ. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్లో పెట్టడమే ఆపేశారు. జీవో అంటే ప్రభుత్వం తన నిర్ణయాన్ని ప్రకటించే కాగితం, అందులో రహస్యమేముంటుంది? ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. ఒక ప్రభుత్వం ఇవ్వాలనుకుంటే ఇచ్చి, ఇంకోటి వద్దనుకుంటే ఆపేయగలిగితే అది హక్కు కాదు, దయ.

దయ మీద ఆధారపడకుండా చేసే దారి చట్టంలోనే ఉంది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, అడగకముందే ప్రభుత్వం తనంతట తాను సమాచారం బయటపెట్టాలంటుంది. 2019 సెప్టెంబరులో రాజస్థాన్ ఈ సెక్షన్ కిందే జన్ సూచనా పోర్టల్ తెచ్చింది. అక్కడ పంచాయతీ, వార్డు స్థాయిలో రేషన్, పింఛన్లు, ఉపాధి పనుల వివరాలు వెతుక్కోవచ్చు. దాన్ని కట్టేటప్పుడు ఏ ప్రశ్నలకు జవాబు ఉండాలో అధికారులు ఒక్కరే నిర్ణయించలేదు, ఇరవై ఏళ్లుగా మస్టర్లు అడుగుతున్న కార్యకర్తలను కూడా కూర్చోబెట్టుకున్నారు. తెలుగు రాష్ట్రాల్లో సచివాలయాలు, మీసేవలు ఊరూరా ఉన్నాయి, శిక్షణ పొందిన సామాజిక తనిఖీ బృందాలు ఉన్నాయి. ఇలాంటి పోర్టల్ ఒకటి కట్టడానికి కావాల్సినవన్నీ రాజస్థాన్ కంటే మన దగ్గరే ఎక్కువ ఉన్నాయి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. వంద రోజుల హామీని 125 రోజులు చేసింది. సామాజిక తనిఖీ అందులోనూ ఉంది. అయితే ఆ తనిఖీకి వచ్చే పిల్లల చేతికి పేర్లున్న మస్టరు ఇస్తారా, ఇస్తే దాన్ని గ్రామసభలో పైకి చదవనిస్తారా అన్నది ఒక్కో రాష్ట్రం రాసుకునే నిబంధనల్లో తేలాల్సిన విషయం. ఆ నిబంధనలు రాసేటప్పుడే ఈ మాట పట్టుబట్టి రాయించుకోవాలి.

అప్పటిదాకా చేయగలిగింది చాలానే ఉంది. 8(1)(జె) మారింది కానీ 8(2) మారలేదు. మినహాయింపు ఉన్నా సరే, ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. కాబట్టి మస్టరు కోసం దరఖాస్తు రాసేటప్పుడు ఉత్తినే నకళ్లు కావాలని రాయకుండా, ఏ పనిలో ఏ తేదీల్లో అక్రమం జరిగిందనుకుంటున్నారో, అది తెలియడం ఊరికి ఎందుకు అవసరమో రెండు వాక్యాలు చేర్చి, 8(2) కింద పరిశీలించమని రాయాలి. నకళ్లు ఇవ్వకపోతే రికార్డుల పరిశీలనకు అనుమతి అడగాలి. 2(జె) సెక్షన్ ప్రకారం రికార్డులే కాదు, జరిగిన పనిని కూడా చూడవచ్చు. అందులో వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో సహా తీసుకోవచ్చు. పేరులేని సిమెంటు బిల్లును పట్టుకునే దారి అదే. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. రికార్డుల పరిశీలనకు మొదటి గంట ఉచితం.